మహిళా కర్షక సభలు - ఒక విమర్శనము

ఆంధ్రభాషలో “రైతు” అను మాట విన్నంతనే మనస్సునకు తోచునది పురుషమూర్తి. విత్తనము దాచి, నాటు వేసి, కలుపు తీసి, పంట కోసి, ధాన్యమును గాదెకు చేర్చు స్త్రీ “రైతు భార్య” యనబడును. కాదేని “కూలి” యనబడును. వ్యాకరణమునందును ఇట్టి చోద్య మొకటి కలదు. “వాడు వచ్చుచున్నాడు” అనుచోట, “ఆమె వచ్చుచున్నది”, “ఆవు వచ్చుచున్నది” అను రెంటికిని క్రియ యొక్కటే. బహువచనమున మాత్రము ఆవులు “వచ్చుచున్నవి”, స్త్రీలు పురుషులతో సమముగ “వచ్చుచున్నారు”. ఒంటరిగ నున్నపుడు దక్కని గౌరవము నలుగురు కూడినపుడు దక్కుననుట ఈ భాషామర్యాద. సేద్యము చేయు స్త్రీల సభలను, సంఘములను పరిశీలించుటకు ఇది తగిన గీటురాయి.

జార్జి టౌనువారికి సభయు తెలియును, సంతయు తెలియును. ఆర్మీనియన్ వీథిలో అనిబిసెంటు పూనికతో 1915లో వెలసిన గోఖలే హాలు మహోపన్యాసములకు నెలవయ్యెను. శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి స్థలమున నెలకొన్న కొత్వాల్ చావడి, 1996లో కోయంబేటికి తరలువరకు, నగరమునకంతకు కూరగాయలు అందించెను. చావడికి పంట వచ్చెను. పండించినదాని పేరు మాత్రము బస్తామీద లేదు. సభలలో స్త్రీవిద్య ప్రస్తావనకు వచ్చెను. ఆ విద్య యెవరికొరకు ఉద్దేశింపబడినదో విచారింపవలసియున్నది.

అడయారున 1917లో ఏర్పడిన భారత మహిళా సంఘపు కార్యదర్శిని మార్గరెట్ కజిన్సు చేసిన కృషివలన 1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సభ తొలిసారి సమావేశమయ్యెను. దాని ముఖ్యోద్దేశము విద్యా సంస్కరణము. ఆ కృషి ఫలముగ 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాల వెలసి గృహవిజ్ఞానమునకు పీఠమయ్యెను. ఇది చిన్న పని కాదు. అయినను ఆ విద్యాదర్శమున స్త్రీ ప్రధానముగ గృహిణి. పొలము ఆమె విద్యాలయము కాలేదు. 1952 అక్టోబరు 2న ఆరంభమైన సమాజ వికాస పథకము సైతము ఈ విభజననే పాటించెను. గ్రామసేవకుడు పురుషులకు ఎరువులు, విత్తనములనుగూర్చి చెప్పెను. గ్రామసేవిక స్త్రీలకు పొగలేని పొయ్యి, కుట్టుపని, శిశుపోషణము నేర్పెను. కలుపు తీయునది యొకరు, కలుపునుగూర్చి పాఠము విన్నది వేరొకరు. నేటి సభలలో పెక్కింటికి ఈ లోపము వారసత్వముగ సంక్రమించినది.

దీనికి భిన్నమైన మార్గము మెదకు సీమలో కానవచ్చును. జహీరాబాదు ప్రాంతమున 1983లో స్థాపితమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆశ్రయమున, దళిత స్త్రీలు అధిక సంఖ్యగా గల గ్రామ సంఘములు ఏర్పడెను. వారు జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, కంది మున్నగువాని పాత విత్తనములను కాపాడి, అప్పునకు విత్తనమే యిచ్చి, విత్తనముగనే తిరిగి పుచ్చుకొనిరి. సంక్రాంతి వేళ ఎడ్లబండ్లమీద ఆ విత్తనములను ఊరూర ఊరేగించు పాతపంటల జాతరయే వారి మహాసభ. ఆ సభలో వక్తయు కర్షకురాలే, శ్రోతయు కర్షకురాలే. 2008 అక్టోబరు 15న మాచునూరున ఆరంభమైన సంఘం రేడియోను ఆ స్త్రీలే నడిపిరి. కెమెరా పట్టి వరంగల్లు బీటీ పత్తి రైతుల నష్టములను చిత్రించిరి. 2019లో ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమతి లభించెను.

అయినను ఈ మార్గమును సర్వరోగ నివారిణిగ కీర్తించుట విమర్శ ధర్మము కాదు. మెట్టచేలలో చిరుధాన్యములకు కుదిరిన పద్ధతి మాగాణి కౌలుసేద్యమున యథాతథముగ కుదరదు. అంతకన్న ముఖ్యమైనది పట్టా. హిందూ వారసత్వ చట్టమునకు ఆంధ్రప్రదేశమున 1985లో, తమిళనాట 1989లో, దేశమంతట 2005లో సవరణలు జరిగి కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో భాగము కల్పించెను. అయినను 2015-16 వ్యవసాయ గణనమున స్త్రీల చేతనున్న కమతములు నూటికి సుమారు 14 మాత్రమే. చెన్నపురిలో 1988లో పరిశోధన సంస్థ నెలకొల్పిన ఎం.ఎస్. స్వామినాథన్, పట్టాను కాక పనిని ప్రమాణముగ గొని, గ్రామసభ ధ్రువపత్రముతో స్త్రీని కర్షకురాలిగ గుర్తింపవలెనని 2011 నాటి బిల్లులో ప్రతిపాదించిరి. 2013లో ఆయన రాజ్యసభ సభ్యత్వము ముగియుటతో అది చట్టము కాకయే రద్దయ్యెను. పట్టా లేనిదానికి బ్యాంకు ఋణము, పంట నష్టపరిహారము దుర్లభములు. ఈ మాట యెత్తని సభ యెంత వైభవముగ జరిగినను అసంపూర్ణమే.

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా కర్షక వత్సరముగ ప్రకటించినది. ఇట్టి సందర్భమున సభలకు కొదువ యుండదు. వాని విలువ కట్టుటకు నాలుగు ప్రశ్నలు చాలును: వేదికమీద సేద్యము చేయు స్త్రీ యెంతసేపు మాటాడినది? సభాభాష ఆమె యింటి భాషయేనా? నాట్లు, కోతలు లేని దినములలో సభ జరిగినదా? సభ ముగిసిన పిదప ఒక యూరి స్త్రీకి మరియొక యూరి స్త్రీతో రాకపోకలు మిగిలినవా? తిరువళ్లూరు, కృష్ణగిరి జిల్లాలలో తెలుగు మాటాడు కర్షక కుటుంబములు కలవు. చెన్నపురి తెలుగు సంఘములు తమ వేదికపై ఒక పూట ఆ యిండ్ల స్త్రీలకు విడిచి, పండితులు శ్రోతలుగ కూర్చుండుట యుక్తము. అపుడు “రైతు” అను మాటకు మన నిఘంటువులు ఇంతవరకు స్పష్టముగ చూపని రెండవ యర్థము వినబడగలదు.