సూచీపత్రంలో సాహిత్య నిర్ణయం: లింక్డ్ డేటా ప్రమాణాలు – తెలుగు పుస్తకం

వ్యాస సంగ్రహం: గ్రంథాలయ సూచీకరణ ప్రమాణాలు కార్డు నుంచి మార్క్‌కు, మార్క్ నుంచి లింక్డ్ డేటాకు మారుతున్నాయి. ఈ మార్పును కేవలం సాంకేతిక విషయంగా చూడటం పరిపాటి. ప్రచురణ స్థలం ఏది, రచయిత ఎవరు, చేతిలోని పుస్తకం ఏ కృతికి ఏ పాఠం అన్న ప్రశ్నలకు సూచీకర్త ఇచ్చే జవాబులు సాహిత్య నిర్ణయాలేనని, వాటికి కావలసిన ఆధారాలు తెలుగు శాఖల పరిశోధనల్లో ఇప్పటికే ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. స్థల చర్చకు హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలను ఉదాహరణగా తీసుకుంటుంది.

కీలక పదాలు: సూచీకరణ, లింక్డ్ డేటా, కృతి, పాఠం, ప్రామాణిక నామం, ప్రచురణ స్థలం.

1. ఉపోద్ఘాతం

తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. 354 మంది కవులు అందులో చోటుచేసుకున్నారు. సాహిత్య చరిత్రకారులు దీన్ని కవితా సంకలనంగా పరిగణిస్తారు. అది గ్రంథసూచి చేయవలసిన పనిని కూడా చేసింది. ఎవరున్నారో, ఎక్కడున్నారో, ఏమి రాశారో ఒకచోట నమోదు చేసి, లేరన్న వాదాన్ని నిలవకుండా చేసింది. పట్టికలో లేని కవి చరిత్రలోనూ లేకుండా పోతాడన్న ఎరుక ఆ ప్రయత్నం వెనుక ఉంది.

ఆ పరిస్థితి నేడు మరో రూపంలో ఎదురవుతున్నది. తెలుగులో కవిత్వం, కథ, విమర్శ గ్రంథాలు గణనీయంగా రచయితల స్వీయ ప్రచురణలుగా వస్తున్నాయి. పుస్తకం లోపలి పుటలో ‘ప్రతులకు’ అన్న మాట కింద రచయిత ఇంటి చిరునామా ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ కాలనీల పేర్లు ఆ పుటల్లో కనిపించటం తెలుగు పాఠకులకు పరిచితమే. ఇటువంటి పుస్తకానికి పెద్ద ప్రచురణ సంస్థ జాబితా అండ ఉండదు. ఆవిష్కరణ సభలో పంచిన ప్రతులు పోగా, గ్రంథాలయ సూచిలోని నమోదే దానికి మిగిలే ఆధారం. ఆ నమోదు ఎలా ఉండాలో నిర్ణయించే ప్రమాణాలు మారుతున్న ఈ సమయంలో తెలుగు పరిశోధకులు వాటిని తమ విమర్శ పరిధిలోకి తీసుకోవాలి.

2. ప్రమాణాల పరిణామం

తెలుగు ప్రాంతాల్లో గ్రంథాలయం భాషోద్యమంతో కలిసి పెరిగింది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901లో ఏర్పడింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అవతరించింది; అయ్యంకి వెంకటరమణయ్య ఆ ఉద్యమానికి జీవితాన్ని అంకితం చేశారు. మద్రాసులో ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయశాస్త్ర పంచసూత్రాలను, 1934లో సూచీకరణ నియమావళిని ప్రకటించారు. అయితే తెలుగు పుస్తకాలకు సమగ్ర ముద్రిత సూచి అంతకు ముందే లండనులో తయారైంది. బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలోని తెలుగు పుస్తకాలకు ఎల్.డి. బార్నెట్ కూర్చిన సూచి 1912లో వచ్చింది. తెలుగు పుస్తకం వివరాలను తెలుగు నేలకు దూరంగా, రోమన్ లిపి ప్రధానంగా నమోదు చేసే పద్ధతి అప్పటి నుంచీ ఉన్నదే.

1960వ దశకంలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ నేతృత్వంలో రూపొందిన మార్క్ ప్రమాణం కార్డులోని సమాచారాన్ని యంత్రం చదవగల క్షేత్రాలుగా విభజించింది. అదే సంస్థ 1962 నుంచి ఢిల్లీ కార్యాలయం ద్వారా దక్షిణాసియా పుస్తకాలను సేకరిస్తూ వచ్చింది. అమెరికా విశ్వవిద్యాలయాల్లోని తెలుగు సేకరణలకు ఈ వ్యవస్థ ఎంతో మేలు చేసింది. కానీ పాత మార్క్-8 వర్ణసమూహంలో చైనీస్, జపనీస్, కొరియన్, అరబిక్, హీబ్రూ, గ్రీక్, సిరిలిక్ లిపులకు స్థానం ఉండగా తెలుగుకు గానీ మరే భారతీయ లిపికి గానీ స్థానం లేదు. యూనికోడ్ వచ్చేవరకు తెలుగు పుస్తకం పేరును ఆ నమోదులో తెలుగులో రాసే మార్గమే లేకపోయింది.

2006లో టిమ్ బెర్నర్స్-లీ లింక్డ్ డేటా సూత్రాలను ప్రతిపాదించారు. ప్రతి వ్యక్తికీ, స్థలానికీ, కృతికీ వెబ్‌లో ఒక స్థిరమైన చిరునామా ఇచ్చి, వాటి మధ్య సంబంధాలను చిన్న చిన్న వాక్యాలుగా ప్రకటించటం ఈ పద్ధతి సారాంశం. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ప్రతి ప్రకటనలో కర్త, కర్మ, వాటిని కలిపే క్రియాస్థానీయమైన సంబంధం ఉంటాయి. 2012లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ప్రకటించిన బిబ్‌ఫ్రేమ్ నమూనా, 2017లో అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఆమోదించిన గ్రంథాలయ నమూనా ఈ దిశలో వచ్చినవే. మార్క్ నమోదులో ప్రధానంగా అక్షరాల వరుస ఉంటుంది. కొత్త పద్ధతిలో ఆ వరుస ఎవరిని, దేనిని సూచిస్తుందో చెప్పాలి. తెలుగు పుస్తకం విషయంలో అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది.

3. స్థలం: పేరు ఒకటి, రూపాలు అనేకం

దిల్‌సుఖ్‌నగర్ అన్న పేరును ఎలా రాయాలి? దిల్‌సుఖ్‌నగర్, దిల్‌సుఖ్ నగర్, దిల్‌సుక్‌నగర్, దిల్సుఖ్‌నగర్ – అన్ని రూపాలూ అచ్చులో కనిపిస్తాయి. పొల్లు తరువాతి హల్లుతో కలిసి ఒత్తుగా మారకుండా ఉండటానికి యూనికోడ్‌లో కంటికి కనిపించని ఒక విభాజక సంకేతాన్ని వాడాలి. దాన్ని వాడితే దిల్‌సుఖ్‌నగర్, వాడకపోతే దిల్సుఖ్నగర్. పాఠకునికి రెండూ ఒకే ఊరు. ఆ సంకేతాన్ని ప్రత్యేకంగా పరిగణనలోకి తీసుకోని యంత్రానికి రెండూ వేర్వేరు మాటలు. ఒకటి వెతికినవారికి రెండోది దొరకదు. యూనికోడేతర ఖతులలో కూర్చిన పుస్తకాల సమాచారం చేరితే చిక్కు మరింత పెరుగుతుంది. ఎల్.బి.నగర్, ఎల్బీనగర్, లాల్ బహదూర్ నగర్ అన్న రూపాలదీ ఇదే పరిస్థితి.

ఇది అక్షరక్రమానికి మాత్రమే పరిమితమైన సమస్య కాదు. హైదరాబాదు జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లా 1978లో వేరుపడింది. ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌ను ఆనుకొని ఉన్న గడ్డిఅన్నారం ఆ జిల్లాలో విడివిడి పురపాలక సంఘాలుగా ఉండేవి. 2007లో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిపి మహానగర పాలక సంస్థను ఏర్పరచినప్పుడు ఈ రెండూ అందులో చేరాయి. 2014లో రాష్ట్రం మారింది. కనుక ఒకే ఇంటి నుంచి వెలువడిన మూడు పుస్తకాల్లో ‘ఎల్.బి.నగర్, రంగారెడ్డి జిల్లా’, ‘హైదరాబాదు, ఆంధ్రప్రదేశ్’, ‘హైదరాబాదు, తెలంగాణ’ అన్న మూడు స్థలాలు ఉండవచ్చు. సూచీకర్త సాధారణంగా ‘హైదరాబాదు’ అని రాసి ముందుకు సాగుతాడు. నియమానికి అది సరిపోతుంది. రంగారెడ్డి జిల్లా సాహిత్యంపై పరిశోధన చేసేవారికి మాత్రం ఆ పుస్తకం కనబడకుండా పోతుంది.

లింక్డ్ డేటాలో స్థలానికి ఒకే గుర్తింపు సంకేతం ఉంటుంది. వివిధ రూపాల పేర్లను దానికి జతచేయవచ్చు. ఏ కాలంలో ఏ పాలనా పరిధిలో ఉండేదో కాలసూచనతో సహా ప్రకటించవచ్చు. పుస్తకం మీద అచ్చయిన మాటను యథాతథంగా ఉంచుతూనే అది ఏ స్థలమో చెప్పవచ్చు. జిల్లాలవారీ సాహిత్య చరిత్రలు విస్తారంగా రాస్తున్న తెలుగు శాఖలకు ఈ సౌలభ్యం నేరుగా ఉపయోగపడుతుంది.

4. వ్యక్తి: దాశరథి ఎవరు?

‘దాశరథి’ అన్న మాటతో సూచిలో వెతికితే ముగ్గురు కలగలిసి ఎదురవుతారు. అగ్నిధార కవి దాశరథి కృష్ణమాచార్య ఒకరు. చిల్లర దేవుళ్లు నవలాకారుడు, ఆయన తమ్ముడు దాశరథి రంగాచార్య మరొకరు. కంచెర్ల గోపన్న దాశరథీ శతకం వల్ల వచ్చే మూడోవాడు సాక్షాత్తు శ్రీరాముడు. మొదటి ఇద్దరి విషయంలో అది ఇంటిపేరు. మూడో సందర్భంలో దశరథుని కుమారుడన్న అర్థం గల తద్ధిత రూపం. తెలుగు చదివినవారికి క్షణంలో తెలిసే ఈ భేదం అక్షరాల వరుసకు తెలియదు.

పాశ్చాత్య నియమావళులు ఇంటిపేరును ప్రధాన శీర్షికగా భావించాయి. తెలుగులో ఇంటిపేరు ముందే ఉన్నా, వ్యవహారంలో నిలిచేది చాలాసార్లు అది కాదు. శ్రీరంగం శ్రీనివాసరావును శ్రీశ్రీగా, భాగవతుల సదాశివశంకర శాస్త్రిని ఆరుద్రగా లోకం ఎరుగును. బీనాదేవి అన్న పేరు వెనుక భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులు ఉన్నారు. తిరుపతి వేంకట కవులు ఇద్దరూ ఒక కర్తగా రాశారు, విడివిడిగానూ రాశారు. వివాహానంతరం ఇంటిపేరు మారిన రచయిత్రుల తొలి రచనలు, తరువాతి రచనలు సూచిలో ఇద్దరు వ్యక్తుల పేర చీలిపోయే ప్రమాదం ఉంది. ఇది స్త్రీల సాహిత్య చరిత్ర నిర్మాణాన్ని నేరుగా దెబ్బతీసే అంశం. ఒక జంట కలంపేరును ఒక కర్తగా లెక్కించాలా, ఇద్దరిగానా అన్నది యంత్రం తేల్చగలిగేది కాదు. కర్తృత్వ చర్చ చేసినవారే తేల్చాలి.

5. కృతి: రెండు కన్యాశుల్కాలు, ఒక భారతం

2017 నాటి నమూనా పుస్తకాన్ని నాలుగు స్థాయిల్లో చూస్తుంది. వాటిని కృతి, పాఠం, ముద్రణ, ప్రతి అని తెలుగులో చెప్పుకోవచ్చు. పాఠాంతరాలను పోల్చి ప్రబంధాలను పరిష్కరించిన తెలుగు పండిత సంప్రదాయానికి ఈ విభజన కొత్త కాదు. చిక్కల్లా ఒక పాఠం ఎంత మారితే అది మరో కృతి అవుతుందన్న దగ్గర వస్తుంది.

గురజాడ కన్యాశుల్కం 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. మధురవాణి పాత్ర అందులోనే విస్తరించి నాటకానికి ప్రాణమైంది. సాధారణ సూచిలో ఇవి మొదటి కూర్పు, రెండో కూర్పు. కొత్త నమూనాలో ఇవి ఒకే కృతికి రెండు పాఠాలా, రెండు కృతులా అన్నది స్పష్టంగా ప్రకటించాలి. మొట్టమొదటి కన్యాశుల్కాన్ని విడిగా ప్రచురించటం ద్వారా బంగోరె దానికి స్వతంత్ర గుర్తింపు తెచ్చారు. ఈ ప్రశ్నపై తెలుగు విమర్శ ఒక శతాబ్దంగా మాట్లాడుతూనే ఉంది. సూచీకర్త తెలిసో తెలియకో ఆ వాదంలో ఒక పక్షం వహిస్తాడు.

ఇంతకన్నా జటిలమైనది ఆంధ్ర మహాభారతం. ఈ నమూనా ప్రకారం అనువాదం మూలకృతికే మరో పాఠం. అనుసరణ స్వతంత్ర కృతి. నియమాన్ని యాంత్రికంగా అనుసరించి కవిత్రయ భారతాన్ని అనువాదమంటే నన్నయ, తిక్కన, ఎఱ్ఱన వ్యాసకృతికి ఒక భాషా రూపాన్ని మాత్రమే ఇచ్చినవారవుతారు. అది స్వతంత్ర కావ్యమని తెలుగు విమర్శ పదేపదే నిరూపించింది. పైగా పదకొండవ శతాబ్దం నుంచి పద్నాలుగవ శతాబ్దం వరకు ముగ్గురు కవుల చేతుల్లో పూర్తయిన రచనకు కర్తృత్వాన్ని పర్వాలవారీగా, అరణ్యపర్వంలో భాగాలవారీగా చెప్పాలి. అనువాదం, అనుసరణ అన్న రెండు గదుల మధ్య ఇమడని ఈ రచన ప్రమాణంలోని లోటునే ఎత్తిచూపుతుంది. మూలానుగత స్వతంత్ర రచన అన్న సంబంధాన్ని ప్రమాణంలో చేర్చమని అడిగే అధికారం ఇటువంటి సాహిత్యాన్ని చదివినవారిదే.

6. అభ్యంతరాలు – పరిశీలన

ఈ మార్పుపై రెండు అభ్యంతరాలు వినవస్తాయి. కోహా, ఇ-గ్రంథాలయ వంటి సాఫ్ట్‌వేర్లలోకే పాత పుస్తకాల వివరాలు పూర్తిగా ఎక్కని గ్రంథాలయాలు ఉండగా కొత్త ప్రమాణం ఎందుకన్నది మొదటిది. ఇది తోసిపుచ్చదగినది కాదు. కానీ లింక్డ్ డేటాలో ప్రతి గ్రంథాలయమూ ప్రతి సమాచారాన్నీ తయారుచేయనక్కర లేదు. దాశరథి కృష్ణమాచార్య గుర్తింపు ఒకచోట సరిగా ఏర్పడితే, చిన్న గ్రంథాలయం ఆ సంకేతాన్ని ఉదహరిస్తే చాలు. శ్రమ పెరగటానికి బదులు పంచబడుతుంది.

రెండో అభ్యంతరం మరింత మౌలికమైనది. ఆ గుర్తింపులు ఎవరి అధీనంలో ఉంటాయి? బార్నెట్ కాలంలో లండను, ఆ తరువాత వాషింగ్టన్. నేడు వియాఫ్, వికీడేటా వంటి వేదికలు. 2012లో మొదలైన వికీడేటాలో ఎవరైనా ఆధారంతో సమాచారం చేర్చవచ్చు. పరస్పర విరుద్ధమైన రెండు ప్రకటనలు కూడా తమ తమ ఆధారాలతో పక్కపక్కన నిలవవచ్చు. కార్డులో ఇది సాధ్యం కాదు. అయితే తలుపు తెరిచి ఉండటం వల్లనే తెలుగు సమాచారం అందులో చేరదు. ఎల్.బి.నగర్‌లో సొంత ఖర్చుతో రెండు కవితా సంపుటాలు వేసుకున్న కవి ఏ విదేశీ సేకరణలోనూ చేరకపోతే, ఎంత ఉన్నతమైన ప్రమాణం వచ్చినా అతనికి గుర్తింపు సంకేతం పుట్టదు.

7. ముగింపు

అతని వివరాలు మరోచోట ఉండే అవకాశం ఉంది. ‘జీవితం – సాహిత్యం’ శీర్షికలతో తెలుగు శాఖల్లో వచ్చిన సిద్ధాంత గ్రంథాల్లో రచయిత పుట్టిన తేదీ, ఊరు, ఇంటిపేరు, కలంపేర్లు, రచనల కాలక్రమ పట్టిక, పునర్ముద్రణల వివరాలు ఉంటాయి. పరిశోధకులు రచయితలను, కుటుంబాలను స్వయంగా కలిసి సేకరించిన సమాచారమది. పట్టా వచ్చిన తరువాత ఆ అనుబంధాలను తెరిచేవారు అరుదు. శోధ్‌గంగలో చేరినా, యూనికోడేతర ఖతిలో ఉంటే వెతికినా దొరకవు. గ్రంథాలయానికి లేనిదీ, దానికి అత్యవసరమైనదీ ఈ అనుబంధాల్లోనే ఉన్నది.

కనుక సిద్ధాంత గ్రంథ సమర్పణతో పాటు రచయిత నామరూపాలు, రచనలు, ముద్రణలు, స్థలాలతో కూడిన పట్టికను యూనికోడ్‌లో, నిర్దిష్ట నమూనాలో, ఆధార సూచనలతో విడిగా సమర్పించే నియమాన్ని తెలుగు శాఖలు చేయవచ్చు. గ్రంథాలయశాస్త్ర శాఖల సహకారంతో దాన్ని లింక్డ్ డేటాగా ప్రకటించవచ్చు. అనువాద–అనుసరణ సంబంధాలు, జంట కర్తృత్వం, కూర్పుల భేదం వంటి వివాదాస్పద అంశాలపై శాఖలు తమ నిర్ణయాలను కారణాలతో సహా నమోదు చేయవచ్చు. ప్రతాపరెడ్డి 354 మందిని ఒక సంచికలో చేర్చటానికి ఏ ప్రమాణం కోసమూ వేచి ఉండలేదు. నేడు ప్రమాణం సిద్ధంగా ఉంది, సమాచారమూ ఉంది. వాటిని కలిపే బాధ్యత సాహిత్య పరిశోధనలో భాగమని అంగీకరించటమే మిగిలింది.