మరియోటిస్ సరస్తీరమున

వారమునకొక సాయంకాలము నలుగురు మిత్రులను కూర్చుండబెట్టుకొని పురాణము చదివి యర్థము చెప్పుట నాకు చిరకాలముగా నున్న యలవాటు. పఠనముకంటె వ్యాఖ్యానము కఠినతరమైన సాధనయని నాకు నానాటికి దృఢపడుచున్నది. ఆ పనికి కూర్చున్నప్పుడెల్ల నాకు స్మరణకు వచ్చువారు థెరపెయుటాయి. క్రీస్తుశకము 1వ శతాబ్దిలో, అలెగ్జాండ్రియా నగరమునకు చేరువ, మరియోటిస్ సరస్సు చెంతనున్న మెరకమీద నివసించిన యూదు సాధకులకు గ్రీకు భాషలో ఆ పేరు. సేవించువారు, స్వస్థపరచువారు అను రెండర్థములును దానికి కలవు. వారిని గూర్చి మనకు దక్కిన సమకాలిక వృత్తాంతమంతయు ఆ నగరవాసియే యైన ఫైలో అను తత్త్వవేత్త రచించిన యొక చిన్న గ్రంథము.

ఆస్తిని ఆత్మీయులకు విడిచివచ్చిన ఆ స్త్రీపురుషులు, ఆరు దినములు ఎవరి కుటీరమున వారు ధర్మగ్రంథముల గూఢార్థమును విచారించుచు, ప్రొద్దు క్రుంకువరకు అన్నపానములు ముట్టక, ఏడవనాడు ఒకచోట సమావేశమగుచుండిరి. నడుమ మూడు నాలుగు మూరల గోడ మాత్రముండెడిది; పైభాగము విడిచిపెట్టుటచే వక్త పలుకు ఆవలి స్త్రీలకును స్పష్టముగా వినవచ్చెడిది.

ఏడు వారములకొకసారి జరుగు విందు మరింత మనోహరము. ఆహారము రొట్టెయు, ఉప్పును, హిస్సోపు ఆకును, పానము నీరు. అధ్యక్షుడు పాండిత్యప్రదర్శన మే మాత్రము తలపెట్టక, చెప్పినదే మరల చెప్పుచు, నిదానముగా, భావము వినువారి యాత్మలయందు ముద్రితమగువరకు ఆగి ఆగి వ్యాఖ్యానించెడివాడు. త్వరపడి యూపిరి తిప్పుకొనక మాటాడినచో శ్రోతలు వెనుకబడుదురని వారి యెరుక. అర్థమైనవారు ముఖవికాసముచేతను, సందేహము గలవారు తల మెల్లగా కదలించి కుడిచేతి వ్రేలికొన చూపియు తెలుపుచుండిరి. పిమ్మట స్త్రీ పురుష గాయకబృందములు రెండును ఏకమై తెల్లవారువరకు కీర్తనలు పాడి, ఉదయసూర్యునికి అభిముఖులై ప్రార్థించెడివారు.

నాకు ఆ వ్రేలికొనయే గురువు. నా శ్రోతలలో వినికిడి మందగించిన వృద్ధులొకరు కలరు. వారి కనుబొమ్మలు ముడివడినంతనే నేను వెనుకకు మరలి, అదే వాక్యమును వేరు మాటలలో చెప్పుదును. పునరుక్తి దోషమని అలంకారశాస్త్రము చెప్పుగాక, వినిపించువానికి అది ధర్మము. నాలుగవ శతాబ్దిలో యుసేబియస్ అను చరిత్రకారుడు థెరపెయుటాయి సాధకులను క్రైస్తవులుగా భావించెను. ఇంతటి నియమనిష్ఠలను చూచిన యే మతస్థుడైనను వీరిని తనవారనుకొనుట సహజమే.

ఇంట పెద్దలకో పిల్లలకో చదివి వినిపించు పాఠకులారా, ఈ వారము పుటలు లెక్కింపక, వారి ముఖములను చూచుచు చదువుడు.