పొత్తు కుదిరే చేపలు

ఉప్పునీటి అక్వేరియంలో నీళ్లు పాడైతే మార్చుకోవచ్చు. పంపు చెడిపోతే కొత్తది తెచ్చుకోవచ్చు. తెలియక దింపిన చేపను బయటికి తీయడం మాత్రం మహా కష్టం. రాళ్ల సందుల్లో దూరిన డామ్సెల్ చేపను వలతో పట్టాలంటే రాళ్లన్నీ పీకి బయట పెట్టాలి. ఆలోగా దాని చేత కాట్లు తిన్న చేప ఉంటుందో పోతుందో చెప్పలేం. అందుకే ఈ పనిలో తలపండినవాళ్లు అసలు నేర్పంతా చేపను కొనకముందే చూపించాలంటారు. ఏ చేప పక్కన ఏ చేప బతుకుతుంది, ఏది ముందు దిగాలి, ఏది చివర్న దిగాలి, దేని జోలికి అసలు పోకూడదు అన్నవి కాగితం మీద తేలాకే దుకాణం మెట్లెక్కాలి.

మంచినీటి చేపలు పెంచి అలవాటైనవారికి ఇది కొంచెం వింతగా ఉంటుంది. గప్పీలు, మోలీలు, టెట్రాలు ఒకే తొట్టిలో పదుల కొద్దీ వేసినా సర్దుకుపోతాయి. అవి చాలావరకు నలుగురితో తిరిగే చేపలు, పైగా తరాల తరబడి తొట్లలోనే పుట్టి పెరిగినవి. పగడపు దిబ్బల మీద బతికే చేప సంగతి వేరు. దానికి దాక్కోవడానికి ఒక బొరియ కావాలి, ఆ బొరియ ముందు కొంత జాగా కావాలి, ఆ జాగాలో దొరికే తిండి తనకే దక్కాలి. సముద్రంలో ఓడిన చేప పది గజాలు ఈదుకుంటూ పోయి ఇంకో చోటు వెతుక్కుంటుంది. నాలుగడుగుల తొట్టిలో అలా పోవడానికి చోటేదీ? తరిమే చేప సముద్రంలో చేసే పనే ఇక్కడా చేస్తోంది. తరిమించుకునే చేపకు దారి లేకపోవడమే చావుకు కారణం. ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే, ఏది దేనితో కలుస్తుందో చెప్పే పట్టికలను బట్టీ పట్టే అవసరం చాలా తగ్గిపోతుంది.

ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ జంతువుల దూకుడు గురించి 1963లో రాసిన పుస్తకాన్ని పగడపు చేపలతోనే మొదలుపెట్టారు. తర్వాత పదేళ్లకు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఫ్లోరిడా తీరంలో నీళ్లలో మునిగి చూసినదాన్నీ, తొట్లలో గమనించినదాన్నీ కలిపి ఆయన తేల్చింది ఏమిటంటే, ఈ చేపలు పరాయి జాతి చేపలకంటే సొంత జాతి చేపల మీదే ఎక్కువగా విరుచుకుపడతాయని. వాటి ముదురు రంగులు సొంత జాతిని హెచ్చరించే జెండాలని కూడా అన్నారు. రంగుల మాటను తర్వాతివారు పూర్తిగా ఒప్పుకోలేదు. మొదటి మాటను మాత్రం తొట్టి పెట్టిన ప్రతివాళ్లూ కళ్లారా చూస్తారు. ఒకే తిండి తినేది, ఒకే బొరియ కోరేది, ఒకే రకం పిల్లను వెతికేది సొంత జాతి చేపే కదా. దాన్ని మించిన పోటీదారు ఇంకెవరు?

ఇక్కడినుంచే పొత్తు లెక్క మొదలవుతుంది. జంటగా బతికే జాతి కాకపోతే ఒక జాతికి ఒక్క చేపే. ఆ తర్వాత ఆకారం చూడాలి. పలచగా, పళ్లెంలా ఉండే ట్యాంగ్ తన ఆకారానికి దగ్గరగా ఉన్న ఇంకో ట్యాంగ్‌ను చూస్తే ఊరుకోదు. అదే ట్యాంగ్ సన్నగా, పొడుగ్గా ఉన్న గోబీని కన్నెత్తి కూడా చూడదు. ట్యాంగ్‌ల తోక మొదట్లో రెండు వైపులా కత్తిమొనలాంటి ముల్లు ఉంటుంది. ఇంగ్లిషువాళ్లు వీటిని సర్జన్ చేపలనడం అందుకే. ఒక్క తోక విసురుతో ఎదుటి చేప పక్కలు చీలిపోతాయి. ఆకారం, రంగు, తిండి మూడూ కలిసిన రెండు చేపలను ఒకే తొట్టిలో వేయడమంటే ఒకదాన్ని చంపుకోవడమే అని నా గట్టి అభిప్రాయం.

నోరు కూడా చూడాలి. లయన్‌ఫిష్ కొట్లాడే చేప కాదు, రెక్కలు విప్పుకుని నెమ్మదిగా, దర్జాగా తేలుతూ ఉంటుంది. దుకాణంవాళ్లు సాధు చేప అనడంలో అబద్ధమేమీ లేదు. అయితే తన నోట్లో పట్టే ప్రతిదీ దానికి తిండే. రాత్రి ఉన్న చిన్న గోబీ తెల్లవారేసరికి కనిపించదు, తొట్టిలో కొట్లాట జరిగిన ఆనవాలు కూడా ఉండదు. ట్రిగ్గర్, పఫర్ చేపలు తోటి చేపలతో కాస్త సర్దుకున్నా రొయ్యలను, నత్తలను మిగల్చవు. కాబట్టి నోట్లో పట్టని సైజు తోడు చేపలే వాటికి తగినవి. అదీ ఇవాళ్టి సైజు కాదు, పెరిగాక వచ్చే సైజు. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమాలో డోరీగా పిల్లలకు పరిచయమైన బ్లూ ట్యాంగ్ దుకాణంలో రెండంగుళాలు ఉంటుంది, పెరిగితే అడుగు వస్తుంది. రోజంతా ఈదే చేప అది. ఆరడుగుల తొట్టి లేనివాళ్లు దాన్ని ఇంటికి తేకపోవడమే దాని మీద ప్రేమ.

కొన్ని చేపలు ఎవరితోనైనా కలుస్తాయి, తిండితోనే కలవవు. మాండరిన్ చేప అందం చూసి మోసపోనివారు తక్కువ. అది రాళ్ల మీద పాకే కంటికానని కోపిపాడ్‌లను ఒక్కొక్కటే ఏరుకు తింటుంది, రోజంతా తింటూనే ఉండాలి. పొడి తిండిని చాలావరకు ముట్టదు. కొత్త తొట్టిలో దాని పొట్ట వారం వారం లోపలికి పోతుంది. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లైదీ అదే బాధ. ఇలాంటివాటిని చురుకైన చేపల మధ్య వేస్తే వాటి వంతు కూడా మిగతావి లాగేసుకుంటాయి. పొత్తంటే కొట్టుకోకపోవడం మాత్రమే కాదు, అందరి కడుపూ నిండడం కూడా.

చెడ్డ పొత్తుల గురించి ఇంత చెప్పాక మంచి పొత్తు ఒకటి దగ్గరగా చూద్దాం. వాచ్‌మన్ గోబీ అని పసుపుపచ్చని చేప ఒకటుంది. దాన్ని పిస్టల్ రొయ్యతో కలిపి ఇసుక ఉన్న తొట్టిలో దింపితే చాలాసార్లు కొద్ది రోజుల్లోనే రెండూ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. రొయ్యకు చూపు దాదాపు ఆనదు. తవ్వడం మాత్రం దాని పని. ఇసుకను ముందుకు తోసుకుంటూ బొరియ వాకిట్లోకి తెచ్చి పోసి, మళ్లీ లోపలికి పోతుంది. గోబీ వాకిట్లో పొట్ట ఆనించి కాపలా కూర్చుంటుంది. రొయ్య బయటికి వచ్చినంతసేపూ దాని మీసం ఒకటి గోబీ ఒంటి మీదే ఉంటుంది. మీరు అద్దం దగ్గరికి చెయ్యి పోనిచ్చి చూడండి, గోబీ తోకను చిన్నగా వణికిస్తుంది. అంతే, రొయ్య చటుక్కున వెనక్కి లోపలికి పోతుంది. ప్రమాదం ఇంకా దగ్గరికొస్తే గోబీ కూడా తలక్రిందులుగా దూకేస్తుంది. ఎవరూ నేర్పని ఈ కాపలా ఒప్పందాన్ని హాల్లో కూర్చుని చూడగలగడం కోసమే తొట్టి పెట్టుకోవచ్చనిపిస్తుంది నాకు.

క్లౌన్‌ఫిష్ జంట కట్టే పద్ధతి ఇంకా విచిత్రం. ఇవన్నీ మొదట మగవిగానే ఎదుగుతాయి. రెండు పిల్లలను కలిపి పెంచితే పెద్దది ఆడదవుతుంది, చిన్నది మగదిగా ఉండిపోతుంది. ఆడది చచ్చిపోతే మగది ఆడదిగా మారుతుంది. పెద్దది మీదికొచ్చినప్పుడు చిన్నది పక్కకు ఒరిగి ఒళ్లంతా వణికిస్తుంది. చూసేవారికి జబ్బు చేసిందేమో అనిపిస్తుంది గానీ, అది ‘నీదే పెత్తనం’ అని ఒప్పుకోవడం. ఆ వణుకు కనిపించిందంటే జంట కుదిరినట్టే. సైజులో తేడా ఉన్న ఒకే జాతి పిల్లలను ఎంచుకోవడం అందుకే. రెండు జాతుల క్లౌన్‌లను కలపకూడదు. మెరూన్ క్లౌన్ వీటన్నిట్లోకీ మొండిది. మన మన్నార్ సింధుశాఖలో దొరికే సెబే క్లౌన్ కూడా ఒసెల్లారిస్ అనే మామూలు క్లౌన్ కంటే పెద్దది, గట్టిది. ఇంకొక మాట, క్లౌన్‌ఫిష్‌కి తొట్టిలో అనిమోన్ అనే పువ్వులాంటి సముద్రజీవి ఉండితీరాలన్నది అపోహే. అనిమోన్ బతకాలంటే వెలుతురు, నీటి శుభ్రత అన్నీ కుదురుకున్న తొట్టి కావాలి. కొత్తవారు దాని జోలికి పోకపోవడం మేలు.

ఎంచుకున్నాక వరస. రైలు పెట్టెలో ముందెక్కి సీటు పట్టుకున్నవాడికి ఉండే ధీమా తొట్టిలో ముందు దిగిన చేపకూ ఉంటుంది. అందుకని పిరికి చేప ముందు, పెత్తనం చేసే చేప చివర. దాదాపు 240 లీటర్ల నాలుగడుగుల తొట్టి ఉందనుకోండి, నేనైతే మొదట ఫైర్‌ఫిష్‌నూ, గోబీ-రొయ్య జోడీనీ దింపుతాను. ఫైర్‌ఫిష్ బెదిరితే నీళ్లలోంచి ఎగిరి నేల మీద పడుతుంది కాబట్టి పైన జాలీ మూత తప్పనిసరి. అవి స్థిరపడ్డాక బ్యాంగాయ్ కార్డినల్ జంట, ఆ తర్వాత ఒక్క రాయల్ గ్రామా, అన్నిటికన్నా చివర క్లౌన్‌ల జంట. ఒకటి ఇసుకలో, ఒకటి రాతి గుహలో, ఒకటి నడిమి నీటిలో, ఇలా ఎవరి అంతస్తు వారిది. ఇంకా ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఖాళీని నింపాలన్న ఆశే తొట్లను పాడు చేస్తోంది. కారుచౌకగా దొరుకుతాయని, ఏ నీళ్లలోనైనా బతుకుతాయని కొత్త తొట్టిని సిద్ధం చేయడానికి నీలం డామ్సెల్‌లను అంటగట్టే అలవాటు దుకాణాల్లో ఉంది. మొదట దిగిన డామ్సెల్ తొట్టంతా తనదే అనుకుంటుంది, తర్వాత వచ్చిన ఏ చేపనూ బతకనివ్వదు. తొట్టి సిద్ధం కావడమంటే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు రాళ్ల మీద పెరగడం. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దానికి బతికున్న చేప అక్కర్లేదు, సీసా అమ్మోనియా చాలు.

అప్పటికే ఉన్న చేపల మధ్యకు కొత్తదాన్ని దింపాల్సి వస్తే కొన్ని ఉపాయాలున్నాయి. ముందురోజు రాళ్లను అటూ ఇటూ మార్చేస్తే పాతవాటి హద్దులు చెరిగిపోతాయి, అందరూ కొత్తగా చోటు వెతుక్కోవాల్సిందే. కొత్త చేపను చిల్లుల ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి కొద్ది రోజులు తొట్టిలోనే వేలాడదీస్తే పాతవి వచ్చి చూసి, పెట్టెకు ముక్కు కొట్టుకుని, చివరికి విసిగిపోతాయి. ట్యాంగ్ మరీ పంతం పడితే తొట్టి పక్కన బయట ముఖం చూసుకునే అద్దం ఆనిస్తారు, అది తన నీడతో తలపడుతూ కొత్తదాన్ని మరిచిపోతుంది. దీపాలు ఆర్పాక దింపడం, దింపేముందు పాతవాటికి కడుపునిండా పెట్టడం సరేసరి.

వీటికంటే ముందు జరగాల్సింది క్వారంటైన్. దాన్ని ఎగ్గొట్టడానికి ఎవరికీ హక్కు లేదు. క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి వల్ల చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు వస్తాయి. అది ఒంటి మీదినుంచి రాలి ఇసుకలో గుల్ల కట్టుకుని, పగిలి, మళ్లీ చేపల మీదికి ఎక్కుతుంది. అసలు తొట్టిలో చొరబడితే చేపలన్నిటినీ తీసి దాదాపు రెండున్నర నెలలు ఖాళీగా ఉంచమని అనుభవజ్ఞులు చెబుతారు. రాగి మందు చేపకు పనిచేస్తుంది, రొయ్యలను చంపుతుంది. కనుక వేరే చిన్న తొట్టిలో కనీసం నెల రోజులు ఉంచి, తింటోందని చూసుకున్నాకే కలపాలి. హైదరాబాదు, విజయవాడ ఎండలకు నీళ్లు ముప్పై డిగ్రీలు దాటితే ప్రాణవాయువు తగ్గి, అంతవరకు సర్దుకున్న చేపలు కూడా డీలా పడి జబ్బుకు లొంగుతాయి. నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రానికి ఖర్చు పెట్టలేనివారు, కరెంటు పోతే నడిచే బ్యాటరీ పంపు ఉంచుకోలేనివారు ఉప్పునీటి జోలికి రాకపోవడమే మంచిది.

ఉప్పునీటి చేపలు పెంచే ఈ విద్యకు వయసు నూట డెబ్బై ఏళ్లు దాటింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో తొలి ప్రజా అక్వేరియం తెరుచుకుంది, దాని వెనుక ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్ కృషి ఉంది. వందేళ్లకు పైగా చాలామంది తొట్టిని ఆసుపత్రి గదిలా బోసిగా ఉంచి, చేపలు చనిపోతుంటే తెచ్చి వేస్తూ వచ్చారు. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే చేపల పెంపకందారు సముద్రంలోని జీవమున్న రాళ్లను, గాలి బుడగలను నమ్ముకుని తొట్టి నడిపే పద్ధతిని 1961లో ఒక అమెరికన్ పత్రికలో వివరించారు. రాళ్లతో నీరు శుభ్రపడటమే కాదు, బొరియలూ వచ్చాయి, బొరియలతో పాటు కొట్లాటలూ తగ్గాయి. అయితే మన దేశంలో పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. సముద్రపు గుర్రాలకూ అదే రక్షణ. పగడపు రాయి ఎవరైనా చాటుగా అమ్మితే కొనకండి, సిరామిక్ రాళ్లతో చక్కటి గుహలు కట్టుకోవచ్చు.

చేప ఎక్కడిదన్న ప్రశ్న కూడా పొత్తులో భాగమే. 1960ల్లో ఫిలిప్పీన్స్‌లో మొదలైన సైనైడ్ వేట చేపను మత్తెక్కించి పట్టిస్తుంది, దిబ్బను చంపుతుంది, పట్టిన చేప కూడా కొన్ని వారాలకే పోవచ్చు. ఇండోనేషియాలోని ఒక చిన్న ద్వీప సముదాయంలో పుట్టిన బ్యాంగాయ్ కార్డినల్ వేట ఎక్కువై 2007లో అంతరించే ముప్పున్న జాతుల జాబితాకెక్కింది. అదే చేప మగది గుడ్లను నోట్లో మోసి తొట్టిలోనే పిల్లలను ఇస్తుంది కూడా. క్లౌన్‌ఫిష్‌ను హేచరీలో పెంచే పద్ధతులపై మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విళింజం, మండపం కేంద్రాల్లో ఏళ్లుగా పనిచేస్తోంది. హేచరీ చేప మనిషి వేసే తిండికి పుట్టుకతోనే అలవాటుపడి ఉంటుంది, గుంపు మధ్య పెరిగి ఉంటుంది, అందుకే దానికి ఇరుగుపొరుగుతో పేచీ తక్కువ.

దుకాణానికి వెళ్లినప్పుడు అన్నీ కలిసే ఉంటాయి సార్ అన్న మాట విని జేబులో చెయ్యి పెట్టకండి. ఇది హేచరీ చేపా, సముద్రంలో పట్టిందా అని అడగండి. ఎన్నాళ్లుగా మీ దగ్గరుందో అడగండి. మీ కళ్లముందు తిండి వేయమనండి. తినని చేపను, పెరిగితే మీ తొట్టిలో పట్టని చేపను, ఇంట్లో ఉన్నదాని పోలికలున్న చేపను అక్కడే వదిలేసి రండి.