ఏ దేశ చరిత్ర ఉత్తమం? – ‘ఫజాయిల్’ వాఙ్మయంపై ఒక పరిశీలన

ఒక దేశ చరిత్రను మరొక దేశ చరిత్రతో పోల్చి, ఇది ఉత్తమమనీ అది అధమమనీ తీర్పు చెప్పవచ్చునా అనే ప్రశ్న కొత్తది కాదు. సభావేదికల మీదా, పాఠ్యపుస్తకాల చర్చల్లోనూ నేడు తరచు వినవచ్చే ఈ వాదానికి ముస్లిం విద్వాంసుల గ్రంథాలలో దాదాపు వెయ్యేళ్ళ పూర్వరంగం ఉంది. దేశాల, నగరాల విశిష్టతలను వర్ణించే రచనలను అరబ్బీలో ‘ఫజాయిల్’ అంటారు. ఫజీలత్ అంటే ఆధిక్యం, గొప్పదనం. దాని బహువచనమే ఫజాయిల్. తెలుగులో స్థలపురాణాలు, క్షేత్రమాహాత్మ్యాలు చదివినవారికి ఈ రచనల స్వభావం సులభంగానే బోధపడుతుంది. ఈ వాఙ్మయం సాధించిందేమిటి, ఎక్కడ దారి తప్పింది అనే విషయాలను పరిశీలిస్తే పై ప్రశ్నకు సమాధానం కూడా కొంతవరకు లభిస్తుంది.

ముందుగా దీని మేలును ఒప్పుకోవాలి. ఖతీబ్ బగ్దాదీ (మ. 1071) రచించిన ‘తారీఖు బగ్దాద్’, ఇబ్ను అసాకిర్ (మ. 1176) రచించిన ‘తారీఖు దిమష్క్’ ప్రధానంగా విద్వాంసుల జీవిత సంగ్రహాలు. రెండూ తమ నగరాల ప్రశస్తితోనే ప్రారంభమవుతాయి. అయితే బగ్దాదు వాడలు, కాలువలు, వంతెనల గురించి ఖతీబ్ రాసిన పీఠిక లేకపోతే ఆ నగరపు తొలి రూపాన్ని ఊహించుకోవడం ఎంతో కష్టమయ్యేది. అందలూసియా (ముస్లిం స్పెయిన్) విద్వాంసులు తమ దేశపు ఘనతను గ్రంథస్థం చేయడంలో అలసత్వం చూపారని కైరవాన్ నుంచి ఒక పండితుడు ఆక్షేపిస్తూ ఉత్తరం రాశాడు. దానికి సమాధానంగా ఇబ్ను హజ్మ్ (మ. 1064) ఒక లేఖ రచించారు. తమ దేశంవారు ఏయే శాస్త్రాలలో ఏయే గ్రంథాలు రాశారో అందులో వరుసగా పేర్కొన్నారు. అభిమానం నుంచి పుట్టినా ఆ లేఖ పరిశోధకులకు అమూల్యమైన గ్రంథసూచిగా మిగిలింది. స్వదేశాభిమానం సాక్ష్యాలను సేకరించడానికి పురికొల్పినంత కాలం దానివల్ల చరిత్రకు లాభమే తప్ప నష్టం లేదు.

నష్టం ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడానికి కజ్వీన్ ఉదంతం చాలు. ఇరాన్‌లోని ఈ పట్టణ ప్రాశస్త్యాన్ని తెలిపే ఒక ఉల్లేఖనం ‘సుననె ఇబ్ను మాజా’లో చోటు చేసుకుంది. ఆరు ప్రామాణిక హదీసు సంకలనాలలో ఒకటిగా పరిగణించబడే ఆ గ్రంథ సంకలనకర్త స్వయంగా కజ్వీన్ వాస్తవ్యుడు. ఆ ఉల్లేఖనాన్ని ఇబ్ను జౌజీ (మ. 1201) కల్పిత హదీసుల సంపుటిలో చేర్చారు. ఒక గౌరవనీయుడైన సంకలనకర్త స్వస్థలానికి సంబంధించినది కదా అని ఆయన మొహమాటపడలేదు. ఊరి మీది మమకారం ప్రవక్త పేరిట లేని మాటను కల్పించే దాకా పోగలదని హదీసువేత్తలు గుర్తించడం, గుర్తించి దాన్ని బయటపెట్టడం ఈ సంప్రదాయానికి గర్వకారణం. ఏ నగర ప్రశస్తి కన్నా ఈ నిర్మొహమాటమే గొప్పదనడం అతిశయోక్తి కాదు.

నగరాల నుంచి జాతులకు వస్తే, తులైతులా (టొలెడో) ఖాజీ అయిన సాయిద్ అందలూసీ 1068లో రచించిన ‘తబకాతుల్ ఉమమ్’ మొదట పరిశీలించదగినది. శాస్త్రాలను పోషించిన జాతులుగా ఆయన ఎనిమిదింటిని ఎంచారు. భారతీయులు, పారశీకులు, కల్దీయులు, గ్రీకులు, రోమనులు, ఈజిప్టువారు, అరబ్బులు, ఇస్రాయీలు సంతతి – ఇదీ ఆ జాబితా. ఇందులో భారతీయులను మొదట నిలిపారు. అందలూసియాలో కూర్చున్న ఒక ఖాజీ, తాను ఎన్నడూ చూడని దేశానికి, తన మతానికి చెందని ప్రజలకు విజ్ఞానంలో అగ్రస్థానం ఇవ్వడం విశాల హృదయానికి నిదర్శనం. దీన్ని చూపి భారతదేశ చరిత్రే ఉత్తమమని సాయిద్ తీర్పు చెప్పారని వాదించేవారు ఉండవచ్చు.

కాని గ్రంథాన్ని అంతటితో మూసివేయరాదు. శాస్త్రాలను పట్టించుకోని జాతులు అని ఆయన వేరొక వర్గాన్ని కూడా ఏర్పరచారు. వారిలో చైనీయులకు, తురుష్కులకు చేతిపనులలో, యుద్ధవిద్యలో కొంత గౌరవం ఇచ్చారు. ఉత్తరాది శీతల ప్రాంతాలవారి బుద్ధిమాంద్యానికి సూర్యుడు దూరంగా ఉండటం, దక్షిణాది నల్లజాతులవారి చాపల్యానికి తీవ్రమైన ఎండ కారణాలని రాశారు. ఏ ఉత్తర యూరప్‌ను ఆయన విజ్ఞానానికి పనికిరానిదిగా తోసివేశారో అదే ప్రాంతం తరువాతి శతాబ్దాలలో శాస్త్రవిజ్ఞానానికి కేంద్రమయింది. వాతావరణం మారలేదు, చరిత్ర మారింది. విచిత్రమేమిటంటే, అధికారం చేజిక్కిన తరువాత యూరప్ పండితులు కొందరు ఇదే తప్పు చేశారు. ఆఫ్రికాకు చరిత్రే లేదని జర్మన్ తత్వవేత్త హెగెల్ చెప్పిన మాట ఇందుకు ఉదాహరణ. శ్రేణి కట్టినవాడు తాను నిలబడిన మెట్టును కొలబద్దగా తీసుకుంటాడు. ఆ మెట్టు కూడా కదులుతుందని గ్రహించడు.

ఇక దక్కనుకు సంబంధించిన రచన ఒకటి ఉంది. గులాం అలీ ఆజాద్ బిల్‌గ్రామీ (1704–1786) ఔరంగాబాదులో నివసిస్తూ 1763–64 ప్రాంతంలో ‘సుబ్‌హతుల్ మర్జాన్ ఫీ ఆసారి హిందుస్తాన్’ అనే అరబ్బీ గ్రంథాన్ని పూర్తిచేశారు. ఇందులో నాలుగు ప్రకరణాలు. తఫ్సీరులలో, హదీసులలో హిందూ దేశ ప్రస్తావన మొదటిది. ఇక్కడి ఉలమా జీవితాలు రెండవది. భారతీయ, అరబ్బీ అలంకారాల పరిశీలన మూడవది. నాయికా భేదాలు, శృంగార విషయాలు నాల్గవది. ఆదమ్ (అలైహిస్సలాం) స్వర్గం నుంచి సరందీబులో దిగారన్న ఉల్లేఖనాల ఆధారంగా, మొట్టమొదటి ప్రవక్త పాదం మోపిన నేల ఇదేనని మొదటి ప్రకరణంలో వాదించారు.

ఆజాద్ పాండిత్యం పట్ల గౌరవం ఉంచుతూనే ఈ వాదంలోని బలహీనతను చెప్పవలసి ఉంది. ఆదమ్ సర్వమానవులకూ తండ్రి. తండ్రి దిగిన చోటు ఒక్క సంతానానికి మాత్రమే ఆధిక్యం ఎలా ఇస్తుంది? అదీగాక సరందీబు అంటే సింహళం. ఆజాద్ దృష్టిలో అది హింద్‌లో అంతర్భాగం. నేడు అది శ్రీలంక అనే వేరే దేశం. దేశాల సరిహద్దులే యుగయుగానికీ మారుతూ ఉంటే, ఏ దేశ చరిత్ర ఉత్తమమన్న ప్రశ్నలో ‘దేశం’ అన్న పదానికి అర్థం కూడా నిలకడగా ఉండదు. ఈ గ్రంథానికి శాశ్వతత్వం ఇచ్చినవి తరువాతి ప్రకరణాలే. భారతీయ కావ్యరీతులను అరబ్బీ పాఠకులకు అర్థమయ్యేలా వివరించడంలో పోటీ లేదు, పరిచయం ఉంది. దేశానికి నిజమైన సేవ అక్కడే జరిగింది.

ఈ పరిచయ మార్గంలో అగ్రగణ్యుడు అబూ రైహాన్ బీరూనీ (జ. 973). ఆయన సుమారు 1030లో ‘తహ్‌కీకు మా లిల్ హింద్’ రచించారు. 1887లో జర్మన్ పండితుడు సఖావు దీని మూలాన్ని లండన్‌లో ప్రకటించారు. 1958లో హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ కూడా అచ్చువేసింది. ఎనభై అధ్యాయాల ఈ గ్రంథంలో మొదటి అధ్యాయాన్ని ఉదాహరించేవారే ఎక్కువ. తమ దేశం వంటి దేశం, తమ విద్యల వంటి విద్యలు వేరెక్కడా లేవని భారతీయులు భావిస్తారని బీరూనీ అందులో విమర్శించారు. ఒక పక్షంవారు ఈ భాగాన్ని మాత్రమే ఎత్తి చూపుతారు. మహమూద్ గజ్నవీ దండయాత్రలు ఈ దేశ సౌభాగ్యాన్ని నాశనం చేశాయనీ, అందువల్లనే విద్యలు దూరప్రాంతాలకు తరలిపోయాయనీ కూడా ఆయన అదే అధ్యాయంలో రాశారు. మరొక పక్షంవారు ఆ భాగాన్ని మాత్రమే ఎత్తి చూపుతారు. ఇద్దరూ కలిసి బీరూనీని రెండు ముక్కలు చేశారు.

పూర్తిగా చదివినవారికి కనిపించే బీరూనీ వేరు. నాటివారి గర్వాన్ని విమర్శించిన వెంటనే, వారి పూర్వులు అంత సంకుచితులు కారని చెప్పి, గ్రీకుల విజ్ఞానాన్ని గౌరవించాలన్న వరాహమిహిరుణ్ణి సాక్షిగా నిలిపారు. భారతీయుల వివాహాచారాలను వర్ణించినచోట ఇస్లాంకు పూర్వపు అరబ్బుల ఆచారాలను కూడా దాచకుండా చెప్పారు. సంస్కృతం నేర్చి, పతంజలిని అరబ్బీలోకి తెచ్చిన ఈ విద్వాంసుడు ఎవరి చరిత్రకూ పట్టం కట్టలేదు. ఒకే త్రాసులో అందరినీ తూచారు. అటువంటి గ్రంథాన్ని అనువదించేవారు తమవారికి రుచించని వాక్యాలను విడిచిపెడితే, రచయితకే కాక పాఠకుడికి కూడా ద్రోహం చేసినట్లే.

ఇబ్ను ఖల్దూన్ (1332–1406) ఈ చర్చను మరొక మెట్టు ఎక్కించారు. 1377లో రచించిన ‘ముకద్దిమా’లో, సైన్యాల సంఖ్యలను పెంచి రాసిన పూర్వ చరిత్రకారులను ఆయన లెక్కలతో నిలదీశారు. తమ పక్షం మీది మమకారం అసత్యాన్ని నమ్మిస్తుందని హెచ్చరించారు. వర్గాభిమానం (అసబియ్యత్) బలంతో రాజ్యాలు పుడతాయనీ, సుఖభోగాలలో అది సన్నగిల్లగా సుమారు మూడు తరాలలో క్షీణిస్తాయనీ వివరించారు. ఈ సూత్రాన్ని అరబ్బులకూ, బర్బరులకూ, పారశీకులకూ సమానంగా అన్వయించారు. వాతావరణాన్ని బట్టి మనుషుల స్వభావాలను నిర్ణయించడంలో ఆయన కూడా సాయిద్ చేసిన పొరపాటు నుంచి తప్పించుకోలేకపోయారు, అది ఒప్పుకోవలసిందే. అయినా ఉత్థానపతనాలు అందరికీ ఉన్నప్పుడు, ఒకరి ఉత్థానాన్ని మరొకరి పతనంతో పోల్చి విజేతను ప్రకటించడంలో అర్థం లేదని ఆయన గ్రంథమే నేర్పుతుంది.

‘తారీఖు’ అనే పదం తెలుగులో రోజును సూచిస్తుంది. అరబ్బీలో దానికి కాలనిర్ణయం, చరిత్ర అనే అర్థాలు ఉన్నాయి. చరిత్ర అన్నప్పుడు కూడా జరిగిన గతం, దాన్ని గురించి రాసిన గ్రంథం అని రెండు అర్థాలు వస్తాయి. వివాదమంతా ఈ రెంటినీ కలిపివేయడం వల్లనే. జరిగిన గతాలలో ఉత్తమమైనదాన్ని ఎన్నడానికి నిష్పాక్షికమైన కొలబద్ద ఎవరి దగ్గరా లేదు. ప్రతి దేశపు గతంలోనూ న్యాయమూ ఉంది, అన్యాయమూ ఉంది. కట్టించిన రాజూ ఉన్నాడు, రాళ్ళు మోసిన కూలీ కూడా ఉన్నాడు. రాసిన చరిత్రలలో మాత్రం మేలైనదాన్ని నిస్సందేహంగా ఎన్నవచ్చు. సాక్ష్యాన్ని పరీక్షించినది, తనవారి తప్పును దాచనిది, పరుల మేలును ఒప్పుకొన్నది మేలైన చరిత్ర. జాతులనూ తెగలనూ సృష్టించినది పరస్పరం గుర్తించుకోవడానికేనని, ఘనతకు కొలమానం దైవభీతి తప్ప పుట్టుక కాదని ఖుర్ఆన్ హుజురాత్ సూరా బోధిస్తున్నది. ఆ గుర్తింపుకు తోడ్పడిన గ్రంథం ఏ దేశంలో పుట్టినా అది అందరి ఆస్తి. ఏ దేశ చరిత్ర ఉత్తమమని పిల్లలు అడిగినప్పుడు దేశం పేరు చెప్పనవసరం లేదు. బీరూనీ గ్రంథాన్ని చేతికిచ్చి, మొదటి అధ్యాయం దగ్గర ఆగిపోకుండా ఎనభై అధ్యాయాలూ చదవమనడమే తగిన సమాధానం.