ఆదివారం తూకం

ఆదివారం పొద్దున కాఫీ అయ్యాక మా ఇంట్లో మొదటి పని బల్లిని తూచడం. స్కేలు మీద ఖాళీ పెరుగు డబ్బా పెట్టి, సున్నా నొక్కి, అందులోకి బూందీని మెల్లిగా దింపుతాం. బూందీ మా అమ్మాయి పెంచుకునే లెపర్డ్ గెకో. పసుప్పచ్చ ఒంటినిండా చుక్కలే గనక ఆ పేరు పెట్టింది. మొదట్లో వంటింటి స్కేలే వాడాం. బల్లుల ఒంటి మీద సాల్మొనెల్లా ఉండొచ్చని తెలిసి మా ఆవిడ దాన్ని లాగేసుకుంది. ఆవిడ మాటే సరైనది. దీనికని వేరే స్కేలు కొన్నాం.

గుంటూరు నుంచి మా అమ్మ డల్లాస్ వచ్చిన రోజున పెద్ద గొడవే అయింది. ఇంట్లో పంచాంగం ఉన్న మనిషి ఆవిడ, బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో చూసుకునే మనిషి. "ఇది గోడెక్కదమ్మా, నెత్తిన పడదు" అన్నాను. నిజమే, లెపర్డ్ గెకో కాళ్లకి అంటుకునే మెత్తలుండవు, గాజుపెట్టె గోడ కూడా ఎక్కలేదు. పైగా మన ఇంటి బల్లికి లేని కనురెప్పలు దీనికున్నాయి. "గోడెక్కనిదీ, కన్ను మూసేదీ బల్లెలా అవుతుందిరా?" అంది అమ్మ. నెల తిరక్కుండానే పొద్దున్నే పెట్టె ముందు కూచుని, "ఏమిట్రా ఇలా చిక్కిపోయిందీ? ఇంకో రెండు పురుగులు వెయ్యకూడదూ!" అనడం మొదలుపెట్టింది.

నేను వేరేగా ఏం ఆలోచించాను కనక? ఒళ్లు చేస్తే బాగున్నట్టు, తగ్గితే ఏదో అయినట్టు. ఊరినుంచి ఎవరొచ్చినా "చిక్కావేం?" అనే పలకరించే ఇంట్లో పెరిగినవాణ్ణి. ఆ లెక్కే బల్లికీ వేశాను.

గుడ్డులోంచి వచ్చినప్పుడు గెకో పిల్ల 3 గ్రాములకి అటూ ఇటూగా ఉంటుంది. మా ఇంటికొచ్చేనాటికి బూందీ 9 గ్రాములు. అప్పుడు రోజూ తినే వయసు. కీచురాళ్లు, డూబియా బొద్దింకలు వేసేవాళ్లం. పురుగు దాని రెండు కళ్ల మధ్య దూరం కన్నా లావుండకూడదని ఒక కొలత. మా అమ్మాయి నోటుబుక్కులో ఒక్కో ఆదివారం గ్రామో రెండో ఎక్కుతూ పోయింది. మధ్యలో కుబుసం విడిచి, విడిచినదాన్ని తనే తినేసేది. పదకొండో నెలకి 61. లెపర్డ్ గెకోలు చాలామటుకు 45 నుంచి 80 గ్రాముల మధ్య స్థిరపడతాయి. ఏడాది, ఏడాదిన్నరకల్లా ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది.

నేను ఆగలేదు. పిల్లప్పుడు వేసినట్టే రోజూ వేశాను. దానికి తోడు వాక్స్ వార్మ్‌లు. కొవ్వు ఎక్కువుండే ఆ తెల్ల పురుగుల్ని అది పరుగెత్తుకొచ్చి తింటుంటే చూడ్డం సరదా. రెండేళ్లకి 83 గ్రాములు. ఆ అంకె రాసిన ఆదివారం నేను మురిసిపోయాను కూడా. చూపిద్దామని తీసుకెళ్తే సరీసృపాల వైద్యుడు స్కేలు అంకె వైపు చూడనే లేదు. బల్లిని పైనుంచి చూశాడు. తోక మెడకన్నా లావుగా ఉంది. ముందుకాళ్ల చంకల్లో బుడగలు, నేలకి రాసుకునే పొట్ట. మెడంత లావు తోక చాలు, అంతకు మించినదంతా కాలేయానికి బరువే అన్నాడు.

అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్, మన దేశపు వాయవ్య ప్రాంతాల ఎండు రాతినేలల్లో పుట్టిన జీవి ఇది. పురుగు దొరికినప్పుడు తిని, దొరకని నెలల్లో తోకలో దాచుకున్నదానితో గడుపుతుంది. తోకే దాని గాదె. మా గాజుపెట్టెలో కరువు నెలంటూ లేదు. తీసేవాడు లేని గాదెలోకి పోస్తూనే ఉన్నాను.

వాక్స్ వార్మ్‌లు మానేశాం, మూడు రోజులకోసారి భోజనం. ఒక్కసారిగా పస్తు పెట్టకూడదు, పెడితే ఒంట్లో కొవ్వంతా కాలేయం మీద పడుతుంది. 68కి దిగడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ మా అమ్మ ఫోన్లో నన్ను పిసినారి అంది.

ఆ తరవాతి వసంతంలో బూందీ తినడం మానేసింది. వరసగా మూడు ఆదివారాలు 68, 66, 64. కొవ్వు తగ్గించమన్న వైద్యుడికే మళ్లీ ఫోను చేశాను. మగది, జతకోరే కాలం, తోక అలాగే ఉందిగా, ఆగండి అన్నాడు. పదో వంతు దాటి తగ్గితేనో, తోక పుల్లలా సన్నబడితేనో తీసుకురమ్మన్నాడు. పుల్లతోక భయపడాల్సిందే. క్రిప్టోస్పొరీడియం లాంటి పరాన్నజీవులు పేగుల్లో చేరితే బల్లి అలా ఎండిపోతుంది. దాని సంగతి మలపరీక్షలో తేలాలి గాని ఇంకో నాలుగు పురుగులు వేస్తే తేలదు.

ఇంకోసారి తిండి మామూలుగానే తింటున్నా తూకం పడింది. పురుగులు పెంచాను, లాభం లేదు. చూస్తే పెట్టె అడుగున ఉండే హీట్ మ్యాట్ చెడిపోయింది. వెచ్చటి మూల 32 నుంచి 35 డిగ్రీలు ఉండాలి, గది వేడిలోనే పడుంటోంది. ఒంటికి వేడి బయటినుంచే రావాల్సిన జీవి, వెచ్చదనం లేకపోతే తిన్నది అరగదు. అమ్మకి చెబితే, "పొయ్యి ఆర్పేసి ఎసట్లో బియ్యం పోస్తూ కూచున్నావన్నమాట" అంది. మూడేళ్లలో ఈ బల్లి గురించి నేను విన్నవాటిలో అంత సూటి మాట ఇంకోటి లేదు.

స్కేలుకి తెలియనివీ ఉన్నాయి. పురుగుల మీద కాల్షియం పొడి, విటమిన్ డి3 చల్లకపోతే తూకం బాగానే ఉండి ఎముకలు మెత్తబడతాయి, దవడ వంగుతుంది. తోక తెగితే ఒక్క రోజులో గ్రాములు పోతాయి, మళ్లీ మొలిచేది దుంపలా పొట్టిగా ఉంటుంది. అంకె పక్కన మా అమ్మాయి ఇప్పుడు మూడు మాటలు రాస్తోంది: తిందా, మలం ఎలా ఉంది, తోక ఎలా ఉంది. ఆ అలవాటు ముందే ఉంటే 83 దాకా వెళ్లేవాళ్లం కాదు.

దీని దాయాది ఒకటి మన తూర్పు కనుమల అడవుల్లో ఉంది. దాన్ని పట్టి తెచ్చుకోవద్దు. పెంపకందార్ల దగ్గర పుట్టిన గెకోని, చట్టం ఒప్పుకునే చోట తెచ్చుకునేవాళ్లు 15, 20 ఏళ్ల పనికి సిద్ధపడి తెచ్చుకోండి, అంత కాలం బతుకుతుంది. బల్లికన్నా ముందు స్కేలు కొనండి. పిల్లదైతే గ్రాములో పదో వంతు చూపించేది, పెద్దదైతే గ్రాము చూపించేది చాలు.