పలకరాయి సీమలో ఆరు పలకల ఆపటైట్

పెద్దారవీడు, మార్కాపురం చుట్టుపక్కల రాతిపని అంటే పలకరాయి పనే. దిమ్మ అంచున ఉలి ఆనించి సుత్తితో చిన్నగా తడితే పొర విడివడుతుంది. చూడ్డానికి తేలికే. పొర ఎటు సాగుతుందో చేతికి తెలియకపోతే మాత్రం బండ అడ్డంగా చిట్లి రద్దులో పడుతుంది. ఇంతటి పనితనం ఉన్నా, ఈ రాతిలో పెద్ద స్ఫటికాలు దొరకవు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన బురద ఒత్తిడికి గట్టిపడి ఈ రాయి అయింది. కరిగి, తీరిగ్గా చల్లారిన రాయి కాదు.

అలాంటిది కావాలంటే దక్షిణంగా నెల్లూరు అభ్రకం సీమకు పోవాలి. గూడూరు, సైదాపురం, కలిచేడు వైపు పెగ్మటైట్లలో అభ్రకం, బెరిల్, టూర్మలిన్‌తోపాటు ఆపటైట్ ఉంటుంది. ఫ్లోరిన్ కలిసిన కాల్షియం ఫాస్ఫేట్ అది. విశాఖ మన్యంలో కాశీపట్నం దగ్గరా ఉంది, వర్మిక్యులైట్, మాగ్నెటైట్‌లతో కలిసి. ఎరువుల లెక్కలో దాన్ని టన్నుల్లో కొలుస్తారు. సేకరించేవాళ్లకు అంచు చెదరని ఒక్క స్ఫటికం చాలు.

దాన్ని బయటికి తీయడమే అసలు విద్య. స్ఫటికం మీద దెబ్బ పడకూడదు. చుట్టూ ఉన్న ఫెల్‌స్పార్‌ను దూరం నుంచి కొట్టుకుంటూ రావాలి. పుట్టిన రాయి కొంత అంటిపెట్టుకుని ఉంటేనే విలువ. మట్టి వదలడానికి నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. తుప్పుమరక పోతుందని ఆసిడ్‌లో వేస్తే ఆపటైటే కరిగిపోతుంది. వేడినీళ్లూ వద్దు, పగులుతుంది.

బెరిల్‌తో పొరపాటు పడటం మామూలే. రెండూ ఆరు పలకల కడ్డీలే, రెండింట్లోనూ ఆకుపచ్చ ఛాయ ఉండొచ్చు. విరిగిన ముక్కతో గాజును గీసి చూడాలి. కాఠిన్యం 7.5కు తగ్గని బెరిల్ లోతుగా గీస్తుంది. ఆపటైట్‌ది 5, గాజుకేమీ కాదు, పైగా గట్టి చాకుమొనకు తనే గీత పడుతుంది. ఇంకా అనుమానముంటే నైట్రిక్ ఆసిడ్‌లో కరిగించి అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే పసుపురంగు మడ్డి దిగుతుంది. ఫాస్ఫేట్ ఉన్నట్టే.

ఇంత చేసి ఊరూ గనీ పేరు రాసిన చీటీ పెట్టకపోతే మిగిలేది అందమైన రాయి మాత్రమే. నా మటుకు చీటీ లేని మంచి స్ఫటికం కన్నా, చీటీ ఉన్న విరిగిన ముక్కే మేలు.

పలకరాయి సీమ ఉన్న పశ్చిమ ప్రకాశానికి ఈ ఖనిజంతో మరో బంధుత్వం ఉంది. పంటి పింగాణీ, ఎముక కూడా ఆపటైట్ కుటుంబమే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లావే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. గ్రానైట్లలోని ఫ్లోరైట్, బయోటైట్, ఆపటైట్ లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ బోరునీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగుతూ పెరిగిన పిల్లల పళ్లకు గార పడుతుంది. తోమితే పోయేది కాదు.

ఇక్కడి హైస్కూళ్ల ల్యాబుల్లో పలకరాయి ముక్క పక్కన ఒక ఆపటైట్ స్ఫటికం ఉంచాలి. దాని చీటీలో గని పేరుతోపాటు, ఆ బడి బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కూడా రాయాలి.