మధ్యమ పాకము: ఒక చుట్టపై విమర్శ

కావ్యమును విమర్శించువారు, కచేరీని విమర్శించువారు, పెండ్లి విందులోని పులిహోరను విమర్శించువారు మనలో ఎందరో కలరు. చుట్టను విమర్శించినవారు మాత్రము అరుదు. దురలవాటునకు గుణదోష విచారణ యేల యని కొందరు అడుగవచ్చును. తరతరములుగా తెలుగువారి అరుగులపై వెలిగిన వస్తువును మంచిచెడ్డలు చూడక త్రోసివేయుట గాని, చూడక మెచ్చుకొనుట గాని న్యాయము కాదని నా మనవి. గత సంక్రాంతి సెలవులలో మా యింట జరిగిన చిన్న పరీక్షయే ఈ వ్యాసమునకు ఆధారము.

చుట్టబడినది గనుక చుట్ట. తమిళ సోదరులు దానినే సురుట్టు అందురు. ఆంగ్లేయుల ‘చెరూట్’ అను మాట అందుండి వచ్చినదే. 1880లో జాన్ టెయిలర్ కంపెనీవారు మన కోలారు బంగారు గనుల పని చేపట్టిన పిమ్మట, కార్న్‌వాల్ దొరలు ఒక వైపు, చిత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి కూలికి వచ్చిన మనవారు మరొక వైపు ఈ యెఱ్ఱమట్టిపై కాపురములు పెట్టిరి. తిరుచిరాపల్లి చుట్ట కీర్తి ఆనాటికే సీమకు ప్రాకినది. 1887లో వెలువడిన షెర్లాక్ హోమ్స్ మొదటి కథలోనే ఆ అపరాధ పరిశోధకుడు బూడిదను చూచి అది తిరుచిరాపల్లి చుట్టదని గుర్తుపట్టును.

మన ఆలంకారికులు కవిత్వమునకు ద్రాక్షా, కదళీ, నారికేళ పాకములను మూడింటిని చెప్పిరి. ఈ కొలత చుట్టకును సరిపోవును. నోట వేయగనే రసమిచ్చు ద్రాక్ష వంటిది తేలిక చుట్ట. అది త్వరగా మరపునకు వచ్చును. టెంకాయవలె పగులగొట్టిన గాని లొంగనిది కారపు చుట్ట. క్రొత్తవానికి తల తిరుగును. తొక్క వొలిచినంతలో చవి చూపు అరటిపండు వంటిది మధ్యమ పాకపు చుట్ట. ఘాటును చూపుట సులభము, చప్పదనము అంతకన్న సులభము. ఈ రెంటి నడుమ నిలుచుటయే కష్టము.

మా వియ్యంకుడుగారు రాజమహేంద్రవరము నుండి లంక పొగాకు చుట్టల కట్ట నొకటి తెచ్చిరి. గోదావరి వరదలు విడిచిపోయిన ఒండ్రుమట్టిలో పండు పైరు అది. మొక్క కొనల ఆకునకు ఘాటు ఎక్కువ, అడుగు ఆకు పలుచన; నడిమి ఆకును ఏరి, ఆరబెట్టి, కుప్పవేసి మాగబెట్టి, ఈనె తీసి చుట్టినచో మధ్యమ పాకము కుదురును. ఉప్పునీట పెరిగిన ఆకు సరిగా కాలదు. కనుక నిప్పు నడక చూచి నేల గుణమును కొంతవరకు చెప్పవచ్చును.

మన గనుల యూరు మిట్ట ప్రదేశము. పుష్యమాసపు గాలి పొడిగా ఉండును. గోదావరి తేమకు అలవాటుపడిన ఆకు ఇక్కడ పెళుసెక్కినది. మొదటి చుట్ట వెలిగించగనే పై ఆకు బీటవారెను. తక్కినవాటిని తడిగుడ్డ ముక్కతో రేకు డబ్బాలో రెండు దినములుంచి, కనుమనాటి సాయంకాలము భోజనానంతరము వరండాలో మరల కూర్చుంటిమి.

“బావగారూ, ఇప్పుడు చెప్పండి” అనిరి వారు.

మొదటి పాలున ఎండుగడ్డి వాసన, కొంచెము మిరియపు చురుకు. నడిమి పాలున చురుకు తగ్గి, వేయించిన వేరుసెనగ వంటి కమ్మదనము వచ్చెను; ఈ చుట్టకు ప్రాణము అదియే. బూడిద తెల్లగా, రాలక అంగుళము నిలిచెను. చివరి పాలున చేదు తలయెత్తినది, పొగ వేడెక్కినది. నిప్పు ఒక ప్రక్కకు ఒరిగినది. అది చుట్టినవారి తప్పో, మా గాలి తప్పో సందేహమే. మూడవ వంతు మిగులగనే ఆర్పివేయుట ఉచితము.

ఇంతవరకు రుచి. ఇక్కడనే ముగించినచో నా విమర్శ గిరీశము ఉపన్యాస మగును. ‘కన్యాశుల్కము’లో ఆయన పొగాకు మహిమను పద్యముతో కీర్తించును, శిష్యుడు వెంకటేశమునకు గురువు వలన అబ్బినది చుట్ట కాల్చుటయే. పొగను పొగడు పని గురజాడవారు ఎవరి నోట పెట్టిరో గమనింపవలెను.

మా నాయన గనిలో పనిచేసిరి. పని దిగి వచ్చి స్నానము చేసి, ఒక చుట్ట వెలిగించిన గాని మాటాడెడివారు కారు. పగలెల్ల రాతిధూళి పీల్చిన రొమ్మునకు ఆ పొగ విశ్రాంతి యని అనుకొంటిమి. తుదకు దగ్గు పట్టుకొన్నప్పుడు రాతిపాలు ఎంత, పొగపాలు ఎంత అని విడదీయుట ఎవరి తరమును కాలేదు. చుట్ట పొగను మ్రింగము గనుక హాని లేదను వాదము నిలువదు. నోటి పొర గుండనే దాని సారము రక్తమున చేరును. శ్రీకాకుళము ప్రాంతమున నిప్పుకొన నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిలిలో పుట్టు క్యాన్సరు వైద్యశాస్త్రమున ప్రసిద్ధము.

కనుక నా తీర్పు రెండు భాగములు. పనితనమునకు, నడిమి పాలు రుచికి, బూడిద నిలుకడకు ఈ చుట్ట ఉత్తమ తరగతిలో చేరదగినది, ముగింపు మధ్యమము. వస్తువుగా మెచ్చితిని, అలవాటుగా ఎవరికిని చెప్పజాలను. ఆ సాయంకాలము మా మనుమడు గడప కడ నిలిచి, “తాతా, అది బాగుంటుందా?” అని అడిగెను. బాగుండదని బొంకలేకపోతిని. బాగుండుననియు, ఆ బాగు కొరకు మీ ముత్తాత ఊపిరి వెచ్చపెట్టెననియు చెప్పితిని. వాడు కొంతసేపు డబ్బా వంక చూచి వెడలిపోయెను.

వచ్చే సంక్రాంతికి ఆ గోదావరి సీమ నుండియే ఆత్రేయపురపు పూతరేకులు తెండని వియ్యంకుడుగారికి జాబు వ్రాసితిని. వాని విమర్శలో మనుమడును పాల్గొనవచ్చును.